గోడకు కట్టేసిన బండి

పాత జీఎంసీని రంజానుకు ముందే అమ్మేసినారు.
దాని కడుపు నింపడానికి
వారానికి రెండుమార్లు బంకుకు పోయేవాణ్ణి.
పది నిమిషాల పని.
నేను ఇరవై నిమిషాలు చేసేవాణ్ణి.

ఆ బంకులో పుల్లంపేట మహబూబ్ పీరా
నాజిల్ పట్టుకోని నిలబడుంటాడు.
"ఎంత పొయ్యమంటావన్నా?" అంటాడు,
బాబా ఎప్పుడూ ఫుల్లే అని తెలిసీ.
మీటరు తిరిగినంత సేపూ
ఊళ్ళో వాన సంగతి, బొప్పాయి రేటు,
వాడి అకామా, నా మోకాలు.
క్లిక్కుమంటే మాట సగంలో తెగేది.
మిగతా సగం శనివారం.

ఇప్పుడొచ్చిన బండికి నోరు లేదు, పొగ లేదు.
స్టార్టయిందో లేదో తెలీక
మొదటిరోజు రెండోసారి బటను నొక్కి
నేనే ఆపేసినాను.
వెనక సీట్లో మిషారీ పడీపడీ నవ్వినాడు.

అబద్ధమెందుకు, మంచి బండే.
సిగ్నల్ కాడ వదిలితే లేడిపిల్ల.
ఆయిలు మార్చే పని లేదు, బెల్టు తెగే భయం లేదు.
మామా మాల్‌లోకి పోతే మూడుగంటలు
ఏసీ వేసుకోని కూచున్నా ఉలుకూ పలుకూ ఉండదు.
కాకపోతే
నేనెంతసేపు కూచున్నానో
ఎంత చల్లదనం తిన్నానో
మామా ఫోనుకు తెలుస్తాది.
పాత బండి నా గుట్టు దాచేది.

దీవానియాలో బాబా తమ్ముడు ఒకటే ఎగతాళి:
"కాళ్ళ కింద నూనె పెట్టుకోని
గోడ కాడ అడుక్కుంటాండావా?"
బాబా నవ్వి గిన్నె ముందుకు జరిపినాడు.
ఖావా పోసేది నేనే కాబట్టి విన్నాను.

వఫ్రా తోటకు పోయే దారి వేరే లెక్క.
జీఎంసీలో ముల్లు సగానికి దిగినా
నా గుండె దిగేది కాదు.
దీంట్లో ముల్లు లేదు, అంకె ఉండాది.
అరవై రెండు. నలభై ఏడు.
ఆగస్టు ఎండ, ఎదురుగాలి, వెనక నలుగురు పిల్లోళ్ళు,
దుమ్ములో ఒంటెలు కూడా కనిపించడంల్యా.
పంతొమ్మిదికి వచ్చేసరికి
నా కాళ్ళ దిక్కు వచ్చే గాలి మూసేసినా,
దాంతో ఏదో ఊరు దగ్గరవుతుందన్నట్టు.
తోటలో నీళ్ళు తోడే మోటారు ఆపించి
ఆ సాకెట్టుకు తగిలిస్తే
తెల్లారేదాకా తాగింది.
ఖర్జూరపు చెట్లు ఆ రాత్రి పస్తు.

ఇంటికాడ దీన్ని కట్టేసేది నా గది గోడకే.
రాత్రి పదకొండుకు తీగ తగిలిస్తా.
ఇది తాగడం మొదలుపెడితే
నా కిటికీ ఏసీ మూలిగి, ట్రిప్పయి, చచ్చిపోతాది.
రెండూ ఒక్క తీగ బిడ్డలే మరి.
వంటింట్లోంచి ఓబులమ్మ అనింది:
"ఆ బండి చమురు తాగేది.
ఇది నీ నిద్ర తాగుతాండాదిరా."

ఒకరాత్రి ఓర్చుకోలేక
లేచి తీగ పీకేసినా.
గంటసేపు చల్లగా పండుకోని మళ్ళీ తగిలించినా.
పొద్దున బాబా ఫోను చూపించినాడు:
ఒకటీ పది నుంచి రెండూ ఇరవై దాకా
బండి ఆకలితో ఉండిందంట.
"కరెంటు పోయింది బాబా" అన్నా.
ఆ వీధిలో నేనొక్కణ్ణే చూసిన కరెంటు కోత అది.
ఆయన నా గదిలోకి తొంగి చూసినాడు,
ఏడేండ్లలో మొదటిసారి.
ఏమీ అన్లేదు.

ఆదివారం ఎలక్ట్రీషియను వచ్చి
బండికని వేరే లావు తీగ లాగిపోయినాడు.
ఆ రాత్రి నుంచి నా ఏసీ ఒక్కసారీ ఆగలేదు.
ఎవరికి దండం పెట్టాలో తెలీలా.
బయటికొచ్చి చూస్తే, చీకట్లో పచ్చలైటు
మెల్లగా ఊపిరి తీస్తా ఉండాది.

శుక్రవారం సాయంత్రం బంకుకు నడిచి పోయినా.
చెప్పులు దాటి నేల కాలుతాంది.
పీరా ఎవరిదో ట్యాంకు మూత బిగిస్తా
బండి కోసం నా వెనక్కి చూసినాడు.
చేతులు తుడుచుకోని, అలవాటు పోక,
"ఎంత పొయ్యమంటావన్నా?"

"అర గ్లాసు. చక్కెర తక్కువ."